గుంత పడ్డంక చెప్పండి

పగులుకు మన భాషలో పేర్ల కరవు లేదు. ఎండిన మడిలో వచ్చేది నెర్రె. గోడకు వచ్చేది బీట, మా వైపు పర్రె అని కూడా అంటారు. మడమకు వచ్చేది పగులు, కట్టెకు వచ్చేది చీలిక. పాత నిఘంటువులు తెరిస్తే నెఱియ కనబడుతుంది. కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి, మోతలోని తేడాను బట్టి కంటికి ఆనని పగులును సైతం పట్టుకొనే జాతి మనది. అటువంటి మనకు రోడ్డు మీది పగులును చెప్పడానికి మాత్రం ప్రత్యేకించి ఒక్క మాటయినా లేదు. రోడ్డు గురించి మన దగ్గరున్న మాట ఒక్కటే: గుంత. మరీ కోపం వస్తే బొంద.

పత్రికలవారికి మరొక మాట కూడా ఉన్నది, అది 'అధ్వానం'. సంస్కృతంలో అధ్వమంటే దారి. ఆ శబ్దమే తెలుగులోకి దిగివచ్చి, ఏ దారులను చూసిందో ఏమో, దురవస్థకు పర్యాయపదంగా స్థిరపడింది. కనుక 'రోడ్డు అధ్వానంగా ఉన్నది' అని ఎవరైనా రాస్తే, తెలుగు పండితునిగా ముప్పై ఏళ్లకు పైగా ఎర్రసిరా వాడినవాడిని గనుక, పునరుక్తి అని దిద్దబోయి ఆగిపోతుంటాను. వాడుక ముందు వ్యాకరణం తల వంచవలసిందే కదా!

పరిహాసానికేమి గాని, పేరు లేనిదానికి పద్దు కూడా ఉండదు. ఈ టపాలో నేను చెప్పదలచుకొన్నది ఇదే. మన రోడ్లు గుంతల వల్ల చెడిపోవడం లేదు. గుంత అనేది చావు కబురు. రోగం అంతకు రెండు మూడేళ్ల ముందే పగులుగా మొదలవుతుంది. ఆ దశలో వైద్యం చౌక, పని సులువు, ఒక పూటలో పూర్తవుతుంది. మనం మాత్రం కబురు వచ్చేదాకా కదలము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్యనున్న దారుల మీద దాదాపు నలభై ఏళ్లు సైకిలు మీద, బస్సులో, ఇప్పుడు కాలినడకన తిరుగుతున్నవాడిగా ఈ మాట అంటున్నాను. ఇంజనీరును కాను. అయితే వేళ్లూ చూపూ ఉన్న ఎవరికైనా తెలిసే సంగతే ఇది.

ముందు పదార్థం సంగతి. కృష్ణా, గోదావరి జిల్లాలవారు తారు రోడ్డు అంటారు, మేము డాంబర్ రోడ్డు అంటాము. రెండూ పరాయి మాటలే. తారు ఇంగ్లీషువారిది. డాంబరు హిందీ, ఉర్దూల దారిలో మనదాకా వచ్చింది. దాని పుట్టిల్లు మలయా భాషలో చెట్టు బంకకు వాడే 'దమర్' అని భాషావేత్తలు చెబుతారు. నిజానికి నేడు మన రోడ్ల మీద పోసేది తారు కానే కాదు. తారు బొగ్గు నుంచి వస్తుంది. మన రోడ్ల మీది నల్లని జిగురు ముడిచమురును శుద్ధి చేయగా అడుగున మిగిలే బిటుమెన్. ఈ బిటుమెన్ అనే లాటిను మాటకూ మన సంస్కృత 'జతు' శబ్దానికీ మూలం ఒకటేనని శబ్దవ్యుత్పత్తి చూసేవారు అంటారు. జతువంటే లక్క. పాండవులను దహించడానికి కట్టిన ఇల్లు జతుగృహం. శిలాజతువులో ఉన్నదీ ఆ జతువే. ఈ చుట్టరికాన్ని ఇక్కడ ఎందుకు తెచ్చానంటే, లక్క గుణమే బిటుమెన్ గుణం కూడా. వేడికి మెత్తబడుతుంది, చలికి పెళుసవుతుంది, ఏళ్ల తరబడి ఎండా గాలీ సోకితే లోపలి నూనె ఇగిరిపోయి ముసలితనం వస్తుంది. కొత్త రోడ్డు నిగనిగలాడుతూ నల్లగా ఉంటుంది. ఐదారేళ్లకు బూడిదరంగు పడుతుంది. ఆ బూడిదరంగు రోడ్డు సాగే గుణం పోగొట్టుకొన్నదన్నమాట. కింద నేల ఏ కాస్త కదిలినా అది ఇక సాగలేదు, చిట్లుతుంది.

అమెరికాలో ఉన్న బ్లాగ్మిత్రులకు ఈ చిట్లడం నాకంటె బాగా తెలుసు. మా అమ్మాయి మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటుంది. కొన్నేళ్ల కిందట శ్రావణంలో వెళ్లి ఆరు నెలలు అక్కడ ఉన్నాను. గ్యారేజీ నుంచి వీధిదాకా ఇంటివారు సొంతంగా వేయించుకొనే తారుబాటను వారు డ్రైవ్‌వే అంటారు. మన వాకిలి వంటిదే గాని, అక్కడ ముగ్గుకు బదులు కారు ఉంటుంది. అది చెడితే బాగుచేసుకొనే భారం ఇంటివారిదే. దసరా దాటగానే ఒక శనివారం మా అల్లుడు పొద్దున్నే బయటికి వచ్చి, "మామయ్యా, మంచు పడకముందే ఈ పగుళ్లు కప్పేయాలి" అంటూ పని మొదలుపెట్టాడు. పక్కింట్లో ఒకరు, ఎదురింట్లో ఇద్దరు అదే పనిలో ఉన్నారు. మన ఊళ్లో సంక్రాంతికి ముందు గోడలకు సున్నం వేసే సందడి గుర్తుకు వచ్చింది.

పని చూస్తే చాలా చిన్నది. పగుళ్లలో మొలిచిన గడ్డిని వేళ్లతో సహా పీకడం, ఇనుపతీగల బ్రష్షుతో గీకడం, గాలి యంత్రంతో దుమ్మంతా ఊదివేయడం. తరవాత పగులు ఆరిందా లేదా అని వేలు పెట్టి చూడడం. తడి ఉంటే మర్నాటికి వాయిదా. సన్నని పగులైతే సీసాలోని నల్లని ద్రవం నేరుగా పోసి, రబ్బరు పట్టీతో సమంగా లాగుతారు. వేలు దూరేంత వెడల్పుంటే ముందు లోపల నురుగుతాడు ఒకటి దూర్చి, దానిపైన పోస్తారు. లేకపోతే పోసినదంతా పాతాళానికి దిగుతుంది. వాతావరణం పది డిగ్రీల సెల్సియస్ కంటె వెచ్చగా ఉండాలి, ఒకటి రెండు రోజులు వాన రాకూడదు, కారు ఎక్కించకూడదు. పెద్ద రోడ్ల మీద ఇదే పనికి రబ్బరు కలిపిన జిగురును దాదాపు 190 డిగ్రీలకు కాచి, పగులును యంత్రంతో సమంగా తొలిచి, గాడిలో పోస్తారు. మొసలి వీపులా పెచ్చులు పెచ్చులుగా పగిలినచోట మాత్రం పూత పనికిరాదు. ఆ భాగాన్ని చతురస్రంగా కోసి తీసి, కింది నుంచి మళ్లీ కట్టుకురావలసిందే. ఎందుకంటే ఆ పగుళ్లు పైపొరవి కావు, కింది నేల బలం పోయిందని చెబుతాయి.

అన్నట్టు, డ్రైవ్‌వేలకు పూసే నల్లపూతల్లో బొగ్గుతారుతో చేసినవి కూడా ఉన్నాయి. వాటి నుంచి విషపదార్థాలు వానతో చెరువుల్లోకి చేరుతున్నాయని 2014 జనవరి నుంచి మిన్నెసోటాలో వాటిని నిషేధించారు. అసలు సిసలు 'తారు' పరిస్థితి అది. మనం పేరు మాత్రం దానిదే ఉంచుకొన్నాము.

అంత తొందర ఎందుకని అడిగితే, మంచు చేసే పని వల్ల. పగులులో దిగిన నీరు గడ్డకట్టితే నూటికి తొమ్మిది పాళ్లు ఉబ్బుతుంది. బండరాతిలో మేకు దిగ్గొట్టినట్టు పగులు మరింత విచ్చుకొంటుంది. మధ్యాహ్నం కరిగి, రాత్రి మళ్లీ గడ్డకట్టి, చలికాలమంతా ఇదే. నేల కింద మరో తంతు నడుస్తుంది. గడ్డకట్టే మట్టి అడుగునున్న తడిని పైకి పీల్చుకొని మంచుపొరలుగా పేర్చి, రోడ్డును పైకి ఎత్తుతుంది. వసంతం వచ్చాక పైన కరుగుతుంది గాని అడుగు ఇంకా గట్టిగా ఉంటుంది, నీరు దిగడానికి దారి ఉండదు. అప్పుడు రోడ్డు కింది నేల ఎలా ఉంటుందో నాగార్జునసాగర్ ఆయకట్టు రైతుకు వేరే చెప్పనక్కరలేదు. దమ్ము చేసిన మడిలా ఉంటుంది. అందుకే ఆ రాష్ట్రంలో మంచు కరిగే వారాల్లో చాలా రోడ్ల మీద బరువు లారీలకు హద్దు పెడతారు. రోడ్డు నీరసంగా ఉన్నప్పుడు దాని నెత్తిన బరువు పెట్టకూడదని అక్కడ చట్టమే చెబుతుంది. నాకు ఆ దేశంలో అన్నిటికంటె నచ్చిన సంగతి ఇదే.

'మనకు మంచెక్కడిది మాస్టారూ' అంటారేమో. మనకు మంచు లేదు, నల్లరేగడి ఉన్నది.

కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ మాగాణిలో రేగడి నేలలున్నాయి. ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకొంటుంది. వైశాఖంలో ఆ నెర్రెల్లో నాగలి కర్ర దించితే మూర లోతు పోతుంది. అటువంటి నేల మీద పరచిన రోడ్డు ఎండాకాలంలో అంచుల దగ్గర కుంగుతుంది. నడుమ కప్పు ఉంటుంది గనుక అక్కడి మట్టి తడి నిలుపుకొంటుంది, అంచున ఎండిపోతుంది. ఆ తేడా వల్ల అంచుకు అడుగు రెండడుగుల లోపల, రోడ్డు వెంబడి బారుగా ఒక పగులు వస్తుంది. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు వెళ్లే దారిలో ఎండాకాలం చివర బస్సు కిటికీలోంచి చూడండి, ఈ బారుపగులు ఎన్నిచోట్ల తోడు వస్తుందో. దానికి తోడు 1967లో సాగర్ ఎడమకాలువ నీరు వచ్చినప్పటి నుంచి మన పొలాల తీరు మారింది. రోడ్డుకు ఒక పక్క నాటు వేసిన మడి, మరో పక్క ఎండిన దిబ్బ. ఒక భుజం ఉబ్బుతుంది, ఒక భుజం కుంగుతుంది. మృగశిర కార్తె తొలివాన ఆ పగులులోంచి సూటిగా పునాదిలోకి దిగుతుంది. పైన దాని మీద ధాన్యం లారీ వెళుతుంది. చక్రం నొక్కినప్పుడల్లా లోపలి నీరు మట్టిని బురదగా చిమ్ముతూ పైకి వస్తుంది. వాన వెలిశాక రోడ్డు మీద పగుళ్ల వెంట తెల్లని, పచ్చని మట్టిచారలు కనబడతాయే, అవి రోడ్డు కక్కుకొన్న పునాది. ఆ చారలు కనబడిన రెండో మూడో నెలలో గుంత పడుతుంది.

స్కాట్లండుకు చెందిన మెకాడమ్ అనే ఆయన రెండు వందల ఏళ్ల కిందటే ఈ శాస్త్రమంతా ఒక్క సూత్రంలోకి కుదించాడు. బరువు మోసేది నేలే, అది పొడిగా ఉన్నంతకాలం మోస్తుంది, కనుక పైన కప్పు చెదరకుండా చూడండి అని. ఆయన పేరు మీదే కంకర రోడ్డును మెకాడం రోడ్డు అన్నారు. పేరు మాత్రం మిగిలింది.

ఇక నేను కళ్లారా చూసిన ఒక పగులు కథ. మా పట్టణంలో నేను పొద్దున నడిచే దారి ఒకటున్నది. ఒక ఉగాదినాడు దాని మీద జానెడు పొడవున వెంట్రుకవాసి గీత చూశాను. ఆ వానాకాలం పోయేసరికి అది బారెడయింది, అందులో గరిక మొలిచింది. మరుసటి ఉగాదికి అడ్డంగా పిల్లపగుళ్లు వేసి, చేపల వలలా అల్లుకొన్నది. అప్పుడు సంబంధిత కార్యాలయానికి వెళ్లి, ఫలానా చోట ఫలానా విధంగా ఉన్నదని తెలుగులో విపులంగా అర్జీ రాసి ఇచ్చాను. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడు. లేచి కుర్చీ వేశాడు, అర్జీ మొత్తం చదివాడు. చదివి, "ఇది పగులే గద సార్, పగులుకు మా దగ్గర పద్దు లేదు. గుంత పడ్డంక చెప్పండి, పూడుస్తం" అన్నాడు.

ఆయన్ను తప్పుపట్టను. ఆయన ముందున్న కాగితంలో ఆ గడి లేదు. ఆ భాద్రపదంలోనే గుంత పడింది. సాయంత్రం వాన నీటితో నిండి, చదునుగా రోడ్డులాగే కనబడుతున్న ఆ గుంతలో, నాతో పన్నెండేళ్లు పనిచేసిన లెక్కల మాస్టారు స్కూటరుతో సహా పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగింది, నడుస్తున్నారు, కాని చేతికర్ర లేకుండా కాదు. నల్లబల్ల మీద చేతితో గీసిన వృత్తం వృత్తలేఖినితో గీసినట్టుండే మనిషి, ఇప్పుడు నాలుగు మెట్లు దిగడానికి గోడ వెతుక్కొంటున్నారు. ఆ తరవాత వారం లోపలే గుంతను మొరంతో పూడ్చారు. రెండు వానలకు మొరం కొట్టుకుపోయింది. పిదప కంకర, డాంబరు కలిపి కుప్పగా పోసి పారతో చరిచారు. ఇప్పుడక్కడ గుంత లేదు, గడ్డ ఉన్నది. స్కూటర్లు దాన్ని తప్పించబోయి పక్కకు వంగుతున్నాయి.

గుంత పూడ్చడానికీ ఒక పద్ధతి ఉన్నదని, దాన్ని ఎక్కడో దూరదేశం నుంచి తెచ్చుకోనక్కరలేదని చెప్పడానికి ఇది రాశాను. భారత రహదారుల సమాఖ్య తారురోడ్ల నిర్వహణకు ఒక నియమావళినే ప్రచురించింది. దాని సంఖ్య 82, 2015లో సవరించారు. అందులో పగుళ్లకు ఏం చేయాలో కూడా ఉన్నది. గుంత అంచులను నిలువుగా కోయాలి, నీరూ దుమ్మూ తీయాలి, గోడలకు జిగురుపూత వేయాలి, పొరలు పొరలుగా నింపి దిమ్మిస కొట్టాలి. పుస్తకంలో ఉన్నవన్నీ ఊళ్లో ఉండవని బడిపంతులుకు ఒకరు చెప్పాలా?

బరువుల సంగతి కూడా కొంత చెప్పుకోవాలి. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి తిప్పి పరీక్షించారు. ఇరుసు మీది బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, ఇంచుమించు పదహారు రెట్లని తేలింది. మన దేశంలో 2018లో నాలుగు టైర్ల ఇరుసు మీద అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. పెరిగింది టన్నుమ్ముప్పావు కూడా కాదు గదా అనిపిస్తుంది. పై లెక్కన చూస్తే నష్టం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మిర్యాలగూడ చుట్టూ ఉన్న బియ్యం మిల్లులకు వచ్చే ధాన్యం, వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు కర్మాగారాల నుంచి వెళ్లే బస్తాలు, ఇవన్నీ ఈ దారుల మీదనే. రెండేళ్లకొకసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వచ్చినప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి మీది వాహనాలను కూడా నల్గొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు మళ్లించడం ఉన్నది. నాలుగు వరుసల బరువు రెండు వరుసల మీద పడుతుందన్నమాట. జాతర మాఘంలో వస్తుంది, నేల పొడిగా ఉంటుంది, లింగమంతుల స్వామి దయ. అదే శ్రావణంలో అయితే?

ఏలికలను అనడం తేలిక. మన చేతివాటమూ తక్కువేమీ కాదు. నాట్ల కాలంలో ట్రాక్టరుకు కేజ్‌వీల్స్ బిగించి, ఆ ఇనుపపళ్లతోనే మడి నుంచి మడికి డాంబరు రోడ్డు మీదుగా నడిపిస్తాము. అది పోయిన మేర నిచ్చెన మెట్లలాగ గాట్లు పడతాయి, ప్రతి గాటూ ఒక పగులే. వినాయక చవితికి, పెళ్లికి పందిరి గుంజల కోసం నడిరోడ్డులో గడ్డపారతో పొడుస్తాము. పండుగ వెళ్లాక గుంజ తీస్తాముగాని రంధ్రం మూయము. ఇంటి నల్లా పైపు కోసం రోడ్డును అడ్డంగా కోసి, పైన మట్టి కప్పి ఊరుకొంటాము. రోడ్డు పక్కనున్న మురుగుబాటను పూడ్చి వాకిలి ఎత్తు చేసుకొంటాము. ఇక నీళ్లు పోయేది ఎక్కడికి? వాన నీరు రోడ్డు దిగి పోలేకపోతే, పైన ఎంత అతుకు వేసినా వృథా. పగులు మూయడం సగం వైద్యం, పక్కకాలువ తీయడం మిగతా సగం. నిజం చెప్పాలంటే రెండోదే పెద్ద సగం.

'సీసీ రోడ్డు వేస్తే ఈ బాధ ఉండదు కదా' అనేవారు మా వీధిలోనే నలుగురున్నారు. సిమెంటు రోడ్డూ పగులుతుంది. పగులుతుందని ముందే తెలిసి, పగలవలసిన చోట పగలాలని కొలతకొక గాటు పెట్టి ఉంచుతారు. ఆ గాట్లలోని జిగురు పోతే మళ్లీ నింపాలి. ఎవరైనా నింపగా చూశారా? దాని కిందా రేగడే ఉన్నది, దాని కిందికీ నీరే వెళుతుంది.

మరొక ఆక్షేపణ కొంచెం బరువైనది. 2024 ఆగస్టు 31న మొదలైన వానకు కోదాడ జలమయమయింది. నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమకాలువకు గండిపడింది. గరికపాడు వద్ద పాలేరు వంతెన దగ్గర జాతీయ రహదారే కోతకు గురై హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. అటువంటి ప్రళయం ముందు సీసాడు జిగురు ఏపాటిదని ఒక మిత్రుడు అడిగారు. నిజమే, ఏ పాటిదీ కాదు. కాని అటువంటి వాన ఎన్నేళ్లకో ఒకసారి. మిగతా ఏళ్లన్నిటిలో మన రోడ్లను తినేది పేరులేని మామూలు వాన. గుండెపోటు ఉన్నదని చెప్పి పుండుకు మందు మానుకోము కదా.

మరి ఎప్పుడు చేయాలి? చలిదేశాలవారికి మంచు గడువు. మనకు మృగశిర గడువు. గడువు జూన్‌లో ఉన్నదని మే నెలలో మొదలుపెట్టడం కూడా తెలివి కాదు. ఎండలకు బిటుమెన్ వ్యాకోచించి సన్నపగుళ్లు మూసుకొన్నట్టు కనబడతాయి, పోసినది లోపలికి దిగదు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా, మాఘ ఫాల్గుణాలు, మన ప్రాంతానికి సరైన కాలం. వాన ఉండదు, నేల ఆరి ఉంటుంది, పగుళ్లు విచ్చుకొని ఉంటాయి. సామగ్రి కూడా పెద్దదేమీ కాదు. నీటిలో కలిపిన బిటుమెన్ ఎమల్షన్ అనేది ఒకటున్నది, దానికి కాచే పని లేదు, పొగ లేదు. సన్నపగులుకు అదొక్కటే చాలు. వెడల్పు పగులుకు కంకర మిల్లు డస్టు కలిపి నింపవచ్చు. ఒక ట్రాలీ ఆటో, ఊదే యంత్రం, నలుగురు మనుషులు ఉంటే రోజుకు ఎంత దూరం సాగుతుందో ఆలోచించండి. ఈ పనికి శిలాఫలకం ఉండదు, రిబ్బను కత్తిరింపు ఉండదు. నిలవకపోవడానికి అసలు కారణం అదేనేమో అని నా అనుమానం. పగులు పూడ్చినవారి పేరు ఎక్కడ చెక్కుతారు?

పేర్ల ప్రస్తావన వచ్చింది గనుక మరొకటి. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన కింద వేసిన రోడ్ల మొదట్లో ఒక బోర్డు ఉంటుంది. రోడ్డు పొడవు, ఖర్చుతో పాటు, వేసిన గుత్తేదారే ఐదేళ్లు నిర్వహించాలని, ఏ ఏటికి ఎంత మొత్తమో కూడా రాసి ఉంటుంది. బస్సు కోసం దాని నీడన నిలబడతాము, దాని మీద సినిమా వాల్‌పోస్టరు అంటిస్తాము, చదవము. బడిలో ఉండగా ఎనిమిదో తరగతి పిల్లలకు లేఖారచన పాఠానికి ఎప్పుడూ 'సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయునికి' అనే ఒక్క లేఖనే రాయించే ఆచారం ఉండేది. ఆ పాఠం ఇప్పుడు నడుపుతున్న ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి: పిల్లలను ఊరి మొదటనున్న ఆ బోర్డు దగ్గరికి తీసుకుపోండి. మూడో ఏటి అంకె చదివించండి. తరవాత రోడ్డు మీదికి తిప్పి, ఎన్ని పగుళ్లున్నవో లెక్కపెట్టించి, తేదీ వేసి, ఆ అంకెతో సహా లేఖ రాయించండి. అక్షరదోషాలు మీరు దిద్దండి.

ఒక చిన్న ముచ్చట చెప్పి ముగిస్తాను. రహదారి అనే మాటను మనం హాయిగా సంస్కృతమనుకొని వాడుతుంటాము. అది పారశీకం. అక్కడ దాని అర్థం దారి కాదు, దారి కాచేవారు వసూలు చేసే సుంకం. కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర బస్సు ఆగినప్పుడల్లా ఆ మాట తన పుట్టింటికి చేరినట్టు నాకు తోస్తుంది. కాచినందుకే సుంకం అనే సంగతి కూడా ఆ మాటలోనే ఉన్నది.

రోడ్డు పగులుకు ఒక మంచి తెలుగు పేరు కావాలి. పత్రికలు రాయడానికి వీలుగా, అర్జీలో ఇమిడేలా, ఆ కార్యాలయపు కాగితం మీది గడిలో పట్టేటంత చిన్నదిగా ఉండాలి. 'దారినెర్రె' అని నేననుకొన్నాను, మా ఆవిడకు నచ్చలేదు. 'పర్రె' చాలదా అంటున్నది. మునగాల, నేరేడుచర్ల, దామరచర్ల వైపు మిత్రులు, కోస్తా, సీమ మిత్రులు మీ ఊళ్లో దీన్ని ఏమంటారో వ్యాఖ్యల్లో రాయండి. డ్రైవ్‌వేలున్న మిత్రులు మీ ఇంట్లో పిల్లలతో దీన్ని ఏ తెలుగులో చెబుతున్నారో అదీ రాయండి.